ఖాళీ సీటులో పుట్టిన నాణెం

కూరగాయలు తూచి సంచిలో పోశాక పైన గుప్పెడు పచ్చిమిరపకాయలో, రెండు రెబ్బల కరివేపాకో వేయడం అనకాపల్లి బజారులో అయినా, చుట్టుపక్కల సంతల్లో అయినా మామూలే. ఆ కొసరు కోసమే ఎవరూ కొనరు. అలాగని కొసరు వేసిన చేతిని ఎవరూ మర్చిపోరు. వచ్చే వారం కాళ్లు అటే లాగుతాయి. అమ్మేవాళ్లకు కావలసిందీ అదే.

ఈ పాత అలవాటును ఒక దేశపు వ్యాపారులు లెక్క కట్టారు, పుస్తకాలకెక్కించారు, దానికో గడువు పెట్టారు. చివరికి విమానం టికెట్ చేశారు. ఇవాళ క్రెడిట్ కార్డుతో పెట్రోలు పోయించుకున్నా, కరెంటు బిల్లు కట్టినా ఫోన్‌కు 'మీ ఖాతాలో ఇన్ని పాయింట్లు చేరాయి' అని సందేశం వస్తోంది. ఆ పాయింట్లు పోగేసుకుని విశాఖపట్నం నుంచి హైదరాబాదుకో, ఢిల్లీకో పైసా ఛార్జీ లేకుండా ఎగిరి వచ్చినవాళ్లు మన మధ్యే ఉన్నారు. వాళ్ల మాట విన్న పక్కింటివాళ్లకు రెండు అనుమానాలు వస్తాయి. ఇందులో మోసం ఏమైనా ఉందా? లేకపోతే ఆ టికెట్ డబ్బు ఎవరు కట్టినట్టు?

రెండో ప్రశ్న చాలా మంచి ప్రశ్న. ఈ పాయింట్లు ఎలా పుట్టాయో తెలిస్తే దానికి జవాబు దొరుకుతుంది.

జిగురు బిళ్లల కాలం

1896లో అమెరికాలో థామస్ స్పెర్రీ, షెల్లీ హచిన్సన్ అనే ఇద్దరు కలిసి ఒక కంపెనీ పెట్టారు. వాళ్లు అమ్మిన సరుకు పోస్టల్ స్టాంపుల్లాంటి చిన్న బిళ్లలు. కిరాణా కొట్లు ఆ బిళ్లలను కంపెనీ దగ్గర డబ్బిచ్చి కొనేవి. సరుకు కొన్నవాళ్లకు ఊరికే ఇచ్చేవి. పది సెంట్ల కొనుగోలుకు ఒక బిళ్ల లెక్క. ఇంటికి తెచ్చుకున్న బిళ్లల వెనక నాలుకతో తడి చేసి, కంపెనీ ఇచ్చిన పుస్తకంలో వరసగా అంటించాలి. పన్నెండు వందల బిళ్లలతో ఒక పుస్తకం నిండుతుంది. నిండిన పుస్తకాలు తీసుకెళ్లి ఇస్తే దీపపు బుడ్డో, దుప్పటో, కుర్చీయో ఇచ్చేవారు.

ఆ బిళ్లలు మొదట్లో ఎవరికిచ్చేవారో గమనించండి. అప్పట్లో కిరాణా వ్యాపారం చాలావరకు అరువు మీద నడిచేది. నెలాఖరుకు డబ్బు వసూలు చేసుకోవడం కొట్టువాడికి పెద్ద తలనొప్పి. అందుకని చేతిలో నగదు పెట్టి కొన్నవాళ్లకే బిళ్లలు ఇవ్వడం మొదలైంది. అప్పు చేయని కొనుగోలుదారుకు బహుమతిగా పుట్టిన ఏర్పాటు, తొంభై ఏళ్లు తిరిగేసరికి అప్పు కార్డుతో కొన్నవాళ్లకు బహుమతి అయింది.

1960లలో అమెరికా ఇళ్లలో ఈ ఆకుపచ్చ బిళ్లల పుస్తకాలు లేని వంటగది అరుదు. ఆ దేశపు పోస్టాఫీసు ముద్రించే స్టాంపులకు మూడింతలు తామే ముద్రిస్తున్నామని కంపెనీ చెప్పుకునేది. 1970లలో పెట్రోలు కొరత వచ్చి ధరలు పెరిగాయి. కొట్లు బిళ్లలు మానేసి ధర తగ్గించడం మొదలుపెట్టాయి. బిళ్లల వ్యాపారం వాడిపోయింది. జనానికి మాత్రం కొన్న ప్రతిసారీ కొంత పోగవుతుందనే ఆశ అలవాటైంది. ఆ ఆశను అందిపుచ్చుకున్నవి విమాన కంపెనీలు.

నిల్వ ఉండని సరుకు

బెల్లం దిమ్మ ఇవాళ అమ్ముడుపోకపోతే గోదాములో పెట్టి వచ్చే నెల అమ్ముకోవచ్చు. ధర పెరిగేదాకా ఆగవచ్చు. దేశంలో రెండో పెద్ద బెల్లం మార్కెట్‌గా పేరున్న అనకాపల్లికి ఆ సంగతి ఒకరు చెప్పక్కర్లేదు. విమానంలో సీటుకు ఆ వీలు లేదు. ఉదయం ఆరింటి విమానంలో ఇరవై సీట్లు ఖాళీగా పోతే, ఆ ఇరవై సీట్ల రాబడి ఆరూ ఒకటికి శాశ్వతంగా పోయినట్టే. పైలట్ జీతం, ఇంధనం, విమానాశ్రయం రుసుములు అన్నీ ముందే ఖర్చయిపోయాయి. ఆ ఖాళీ సీటులో ఒకరిని కూర్చోబెట్టినందువల్ల కంపెనీకి అదనంగా అయ్యేది కాస్త ఇంధనం, ఒక పూట ఫలహారం.

ఈ సంగతి విమాన కంపెనీలకు మొదటినుంచీ తెలుసు. తెలిసినా చేయగలిగింది తక్కువ. 1938 నుంచి అమెరికాలో ఏ విమానం ఎక్కడికి తిరగాలో, టికెట్ ఎంతకు అమ్మాలో ప్రభుత్వ బోర్డు నిర్ణయించేది. ధరలన్నీ ఒకటే అయినప్పుడు పోటీ అంతా భోజనంలోనూ, సీటు మెత్తదనంలోనూ ఉండేది. 1978 అక్టోబరు 24న అధ్యక్షుడు జిమ్మీ కార్టర్ సంతకంతో ఆ పద్ధతికి తెరపడింది. ఎవరైనా ఎక్కడికైనా ఎగరవచ్చు, ఎంతకైనా అమ్ముకోవచ్చు. కొత్త కంపెనీలు తక్కువ ఛార్జీలతో దిగాయి. పాత పెద్ద కంపెనీలకు ఒక్కసారిగా కాళ్ల కింద నేల కదిలింది. నెలకు నాలుగుసార్లు తమ విమానమే ఎక్కే వ్యాపారి రేపు పది డాలర్ల తేడాకు పక్క కంపెనీకి వెళ్లిపోతే?

ఆ వ్యాపారిని ఎలాగైనా పట్టి ఉంచాలి. 1979లో టెక్సాస్ ఇంటర్నేషనల్ అనే చిన్న విమాన కంపెనీ ఎగిరిన మైళ్లను బట్టి ప్రతిఫలం ఇచ్చే పథకం తెచ్చింది. ఆలోచన మంచిదే. దాన్ని దేశమంతటా లక్షలమందికి నడపాలంటే మాత్రం ఎవరు ఎన్నిసార్లు ఎక్కారో గుర్తుపెట్టుకునే యంత్రం కావాలి. ఆ యంత్రం అమెరికన్ ఎయిర్‌లైన్స్ దగ్గర ఉంది.

ఫోన్ నంబర్ల వేట

ఆ యంత్రం పుట్టుక వెనక 1953 నాటి ఒక విమాన ప్రయాణం ఉంది. లాస్ ఏంజెలెస్ నుంచి న్యూయార్క్ వెళ్తున్న విమానంలో ఇద్దరు పక్కపక్కన కూర్చున్నారు. ఒకరు అమెరికన్ ఎయిర్‌లైన్స్ అధ్యక్షుడు సి.ఆర్. స్మిత్. రెండోవారు ఐబీఎంలో పనిచేసే బ్లెయిర్ స్మిత్. ఇంటిపేరు ఒకటే కావడంతో మాట కలిసింది. అప్పట్లో సీట్ల రిజర్వేషన్ అంతా చేత్తో, అట్టముక్కల మీద నడిచేది. దాన్ని కంప్యూటర్‌కు ఎక్కించవచ్చనే మాట అక్కడ మొదలై, 1960ల తొలి ఏళ్లకు 'సేబర్' అనే రిజర్వేషన్ వ్యవస్థగా నిలిచింది.

1981 నాటికి అమెరికన్ ఎయిర్‌లైన్స్ అధ్యక్షుడు రాబర్ట్ క్రాండల్. మార్కెటింగ్ నుంచి పైకి వచ్చిన మనిషి. ఆయన బృందం ముందున్న చిక్కు చాలా సాధారణమైనది. తమ విమానాలు ఎక్కువగా ఎక్కేవాళ్లు ఎవరో కంపెనీకే తెలియదు. టికెట్ మీద పేరు ఉంటుంది. ఒకే పేరుతో వేలమంది ఉంటారు. అప్పుడు సేబర్‌లో ప్రయాణికులు ఇచ్చిన ఫోన్ నంబర్లను వెతికించారు. ఒకే నంబరు మళ్లీ మళ్లీ కనిపిస్తే ఆ నంబరు వెనక ఉన్నది నిత్య ప్రయాణికుడు. అలా సుమారు 1,30,000 మందిని ఏరారు. కంపెనీ విశ్రాంతి గదుల క్లబ్బులో ఉన్న దాదాపు 60,000 మందిని కలిపారు. వాళ్లందరికీ ఖాతా నంబరు ముందే కేటాయించి ఉత్తరాలు పంపారు. 1981 మే 1న 'అడ్వాంటేజ్' పథకం మొదలైంది. ఎగిరిన ప్రతి మైలూ ఖాతాలో పడుతుంది. తగినన్ని చేరాక ఉచిత టికెట్ వస్తుంది.

వారం తిరగకుండానే యునైటెడ్ ఎయిర్‌లైన్స్ 'మైలేజ్ ప్లస్' పేరుతో తన పథకం ప్రకటించింది. అదే ఏడాది డెల్టా, టీడబ్ల్యూఏ దిగాయి. 1983లో హాలిడే ఇన్, మారియట్ హోటళ్లు ఇదే దారి పట్టాయి. ఎవరూ వెనక్కి తగ్గే వీలు లేకుండా పోయింది. ఒక కంపెనీ మైళ్లు ఆపేస్తే దాని వ్యాపారులంతా మర్నాడే పక్క కంపెనీ ఖాతా తెరుస్తారు.

ఇందులోని తెలివిని మెచ్చుకోవాలి. కంపెనీ బహుమతిగా ఇస్తున్నది ఖాళీగా పోయే సీటును. దానికి పెద్దగా ఖర్చు లేదు. పుచ్చుకునేవాడికి మాత్రం అది వందల డాలర్ల టికెట్. పైగా ఆ వ్యాపారి ఆఫీసు పని మీద తిరుగుతాడు. టికెట్ డబ్బు ఆఫీసుది, మైళ్లు తనవి. సెలవుల్లో భార్యాపిల్లలతో సముద్ర తీరానికి వెళ్లడానికి ఆ మైళ్లు అక్కరకొస్తాయి. ఇలాంటి మనిషి పది డాలర్ల తేడాకు కంపెనీ మారడు.

ఎగరకుండానే మైళ్లు

ఇక్కడిదాకా ప్రయాణం చేసినవాడికే ప్రతిఫలం. కథను మలుపు తిప్పినవి బ్యాంకులు. 1987లో సిటీబ్యాంక్, అమెరికన్ ఎయిర్‌లైన్స్ కలిసి ఒక క్రెడిట్ కార్డు తెచ్చాయి. కార్డుతో ఖర్చుపెట్టిన ప్రతి డాలరుకు ఒక మైలు. బియ్యం కొన్నా మైలే, బూట్లు కొన్నా మైలే. విమానం మొహం చూడనివాళ్ల ఖాతాల్లోనూ మైళ్లు పడ్డాయి.

ఆ మైలు ఊరికే రాలేదు. బ్యాంకు ఆ మైళ్లను విమాన కంపెనీ దగ్గర డబ్బిచ్చి కొంటుంది. బ్యాంకుకు ఆ డబ్బు ఎక్కడిది? ఉదాహరణకు మనం ఒక కొట్లో కార్డు గీకి వంద రూపాయల సరుకు కొన్నామనుకోండి. కొట్టువాడి ఖాతాలో వంద పడదు. రెండు రూపాయల దాకా కోత పడి మిగతాది పడుతుంది. ఆ కోతలో పెద్ద వాటా మన కార్డు ఇచ్చిన బ్యాంకుకు చేరుతుంది. బ్యాంకు దానిలో కొంత తీసి మనకు పాయింట్లుగా ఇస్తుంది. కొట్టువాడు ఆ కోతను సరుకు ధరలో కలుపుకుంటాడు. అప్పుడు అదే కొట్లో నగదు ఇచ్చి కొన్న కూలీ మనిషి కూడా ఆ కోతలో తన వంతు కట్టినట్టే. ఆయనకు పాయింటు మాత్రం రాదు.

పాయింట్లకు ఇంకో రెండు చోట్ల నుంచి డబ్బు వస్తుంది. కార్డు బిల్లు పూర్తిగా కట్టలేక కొంత కట్టి మిగతాది వాయిదా వేసేవాళ్లు కట్టే వడ్డీ ఒకటి. మన దేశంలో అది నెలకు మూడు శాతం పైమాటే. ఏడాదికి లెక్కేస్తే ముప్పై ఆరు శాతం దాటుతుంది. కార్డు వడ్డీ ముప్పై శాతం మించకూడదని 2008లో జాతీయ వినియోగదారుల కమిషన్ తీర్పు చెప్పింది. 2024 డిసెంబరులో సుప్రీంకోర్టు ఆ పరిమితిని కొట్టేసింది. రెండోది, పోగేసి వాడుకోని పాయింట్లు. గడువు తీరిపోయిన ప్రతి పాయింటూ కంపెనీకి మిగులే.

పాయింట్లు పుట్టే చోటు తెలిశాక మన రోజువారీ అనుభవం ఒకటి అర్థమవుతుంది. బ్యాంకు ఖాతా నుంచి యూపీఐతో కూరగాయల బండి దగ్గర డబ్బు పంపితే పాయింట్లు ఎందుకు రావు? 2020 జనవరి 1 నుంచి యూపీఐ చెల్లింపుల మీదా, రూపే డెబిట్ కార్డుల మీదా వ్యాపారి దగ్గర రుసుము తీసుకోకూడదని కేంద్రం నిర్ణయించింది. రుసుము లేని చోట పాయింటు పుట్టదు. 2022లో రూపే క్రెడిట్ కార్డును యూపీఐకి కలుపుకునేందుకు రిజర్వ్ బ్యాంకు అనుమతించింది. అప్పటి నుంచి అదే క్యూఆర్ అట్ట మీద స్కాన్ చేసి క్రెడిట్ కార్డు ఖాతా నుంచి కడితే పాయింట్లు రావడం మొదలైంది.

తెలుగు నేల మీదికి

క్రెడిట్ కార్డును మన దేశపు ప్రభుత్వ బ్యాంకుల్లో ముందుగా జనంలోకి తెచ్చినవాటిలో తెలుగువాళ్ల బ్యాంకు ఒకటి. భోగరాజు పట్టాభి సీతారామయ్య 1923లో మచిలీపట్నంలో స్థాపించిన ఆంధ్రా బ్యాంకు 1981లో క్రెడిట్ కార్డు తెచ్చింది. అంతకు ముందు ఏడాదే సెంట్రల్ బ్యాంక్ ఆఫ్ ఇండియా తన కార్డు తెచ్చింది. అమెరికాలో 'అడ్వాంటేజ్' పుట్టిన ఏడూ, తెలుగు బ్యాంకు కార్డు పుట్టిన ఏడూ ఒకటే. ఆ రెండూ కలుసుకోవడానికి మాత్రం ఇంకా చాలా ఏళ్లు పట్టింది. 2020 ఏప్రిల్ 1న ఆంధ్రా బ్యాంకు యూనియన్ బ్యాంకులో కలిసిపోయింది.

మన దేశంలో 1953 నుంచి విమాన ప్రయాణం ప్రభుత్వ గుత్తాధిపత్యం. ఎక్కేవాడికి ఇంకో దారి లేనప్పుడు కొసరు వేయాల్సిన అవసరం అమ్మేవాడికి ఉండదు. 1990లలో తలుపులు తెరుచుకున్నాయి. 1993లో జెట్ ఎయిర్‌వేస్ ఎగిరింది. 1994లో పాత చట్టం రద్దయింది. ఆ ఏడాదే ప్రభుత్వ విమాన సంస్థల 'ఫ్లయింగ్ రిటర్న్స్' పథకం వచ్చింది. అమెరికాలో 1978 తర్వాత మూడేళ్లకు జరిగిందే ఇక్కడా జరిగింది. పోటీ మొదలైన చోటల్లా పాయింట్లు మొలిచాయి.

తర్వాత జరిగిన మూడు సంగతులు పాయింట్లు దాచుకునేవాళ్లు తెలుసుకోవలసినవి. 2012 అక్టోబరులో కింగ్‌ఫిషర్ విమానాలు ఆగిపోయాయి. దాని క్లబ్బులో జనం ఏళ్ల తరబడి పోగేసిన పాయింట్లు దానితోపాటే పోయాయి. 2019 ఏప్రిల్ 17న జెట్ ఎయిర్‌వేస్ ఆగిపోయింది. ఆ కంపెనీ మైళ్ల పథకం అప్పటికే వేరే సంస్థగా ఉంది. అందులో సగానికి పైగా వాటా ఎతిహాద్ విమాన సంస్థది. అందువల్ల విమానం లేకపోయినా మైళ్లు బతికాయి. 'ఇంటర్‌మైల్స్' అని పేరు మార్చుకుని హోటళ్లకూ, ఇతర కొనుగోళ్లకూ పనికొచ్చాయి. మూడోది ఇండిగో కథ. 2006లో మొదలై దేశంలోనే అతిపెద్ద విమాన సంస్థగా ఎదిగిన ఇండిగో, ఎగిరినవాళ్లకు పాయింట్లిచ్చే సొంత పథకాన్ని 2024లో గానీ ప్రకటించలేదు. అప్పటిదాకా దాని బలం తక్కువ ఛార్జీ, సమయానికి బయల్దేరడం. పాయింట్లు లేకుండా కూడా జనాన్ని పట్టి ఉంచవచ్చని పద్దెనిమిదేళ్లు చూపించిన కంపెనీ, పోటీ మారగానే అదే బాట పట్టింది.

రైళ్లలో ఈ పద్ధతి ఐఆర్‌సీటీసీ, స్టేట్ బ్యాంకు కలిసి తెచ్చిన కార్డులతో నిలదొక్కుకుంది. 2020 జులైలో వచ్చిన రూపే కార్డుతో ఏసీ టికెట్ తీస్తే ఛార్జీలో పది శాతం దాకా పాయింట్లుగా వెనక్కి వస్తుందని ప్రకటించారు. ఒక పాయింటు ఒక రూపాయి. ఇంత సూటి లెక్క విమాన కంపెనీల దగ్గర అరుదు.

అనకాపల్లి నుంచి చూస్తే

అనకాపల్లిలో ఈ పాయింట్లు ఎవరికి ఉపయోగం? జాతీయ రహదారి మీద లారీలు తిప్పేవాళ్లకు డీజిల్ ఖర్చు పెద్దది. చమురు కంపెనీల కార్డుల మీద ప్రతి నింపుడుకూ పాయింట్లు చేరతాయి. అవి మళ్లీ డీజిల్ కిందే చెల్లుతాయి. ఇది నిజమైన ఆదా. ఎలాగూ పోయించాల్సిన డీజిల్ కాబట్టి అదనపు ఖర్చేమీ లేదు. వ్యాపారులకు పన్నులు, బీమా, కరెంటు బిల్లుల్లాంటి తప్పని చెల్లింపులు ఉంటాయి. అలాంటివాటి మీద చేరే పాయింట్లు ఏడాదికి ఒక కుటుంబ ప్రయాణానికి సరిపోవచ్చు.

విదేశాల్లో పిల్లలున్న ఇళ్లకు ఇంకో మేలు ఉంది. అమెరికాలో ఉద్యోగం చేస్తున్న కూతురు తన ఖాతాలోని మైళ్లతో అమ్మానాన్నలకు టికెట్ తీయవచ్చు. చాలా కంపెనీలు దాన్ని ఒప్పుకుంటాయి. 1997లో అయిదు కంపెనీలు కలిసి స్టార్ అలయన్స్ అనే కూటమి పెట్టుకున్నాయి. 2014 జులైలో ఎయిర్ ఇండియా అందులో చేరింది. కూటమిలో ఒక కంపెనీ ఖాతాలో చేరిన మైళ్లు ఇంకో కంపెనీ విమానానికి చెల్లుతాయి. యునైటెడ్‌లో పోగేసిన మైళ్లతో ఎయిర్ ఇండియా సీటు దొరికే వీలు అలా వచ్చింది. అయితే ఉచిత టికెట్ మీద కూడా విమానాశ్రయ రుసుములు, పన్నులు చేతి నుంచి కట్టాలి. అంతర్జాతీయ ప్రయాణాల్లో అవి ఒక్కోసారి పదివేలు దాటుతాయి. పండగ రోజుల్లో పాయింట్ల సీట్లు దొరకడం కష్టం. ఖాళీ సీటులో పుట్టిన బహుమతి కనుక, సీటు ఖాళీ లేని రోజుల్లో దానికి విలువ తగ్గుతుంది.

నష్టపోయేవాళ్లూ ఉన్నారు. పాయింట్ల కోసం అవసరం లేనిది కొన్నవాళ్లు, బిల్లులో కొంత వాయిదా వేసినవాళ్లు. సాధారణంగా పాయింట్ల విలువ ఖర్చులో ఒకటి రెండు శాతం. వాయిదా వడ్డీ ఒక్క నెలకే మూడు శాతం పైన. ఈ రెండు అంకెలూ పక్కపక్కన రాసుకుంటే చాలు. బిల్లు గడువులోగా పూర్తిగా కట్టగలిగినవాళ్లకే పాయింట్లు లాభం. కట్టలేనివాళ్ల వడ్డీతో ఆ లాభంలో కొంత నిండుతుంది. కార్డు అమ్మడానికి వచ్చేవాళ్లు ఈ మాట చెప్పరు కాబట్టి, తెలిసినవాళ్లే ఇంట్లో పిల్లలకు చెప్పాలి.

విలువ ఎవరి చేతిలో

పాయింటు నాణెం లాంటిదే. కాకపోతే దాన్ని ముద్రించేదీ, విలువ నిర్ణయించేదీ, రద్దు చేసేదీ ఒకే కంపెనీ. 1999లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో పనిచేసే ఒక సివిల్ ఇంజనీరు దీనిలోని సందును చూశాడు. ఒక ఆహార కంపెనీ తన డబ్బాల మీది చీటీలు పంపితే విమాన మైళ్లు ఇస్తానంది. అతను లెక్కేస్తే పావు డాలరు పుడ్డింగు కప్పు ధర కంటే దాని మీద వచ్చే మైళ్ల విలువే ఎక్కువ. సుమారు మూడు వేల డాలర్లతో 12,150 కప్పులు కొన్నాడు. పన్నెండు లక్షల మైళ్లకు పైగా సంపాదించాడు. కప్పులను అనాథలకూ, పేదలకూ అన్నం పెట్టే సంస్థకు ఇచ్చాడు. చీటీలు చింపే పని అక్కడి స్వచ్ఛంద సేవకులు చేసిపెట్టారు.

కంపెనీలు అలాంటి సందులు పూడ్చడం నేర్చుకున్నాయి. 2015లో డెల్టా, యునైటెడ్, 2016లో అమెరికన్ ఎయిర్‌లైన్స్, ఎగిరిన దూరం లెక్క వదిలేసి టికెట్‌కు పెట్టిన డబ్బును బట్టి మైళ్లివ్వడం మొదలుపెట్టాయి. ఎయిర్ ఇండియా 2024లో అదే మార్పు చేసింది. చౌక టికెట్ మీద దూరం వెళ్లేవాడి కంటే ఖరీదైన టికెట్ మీద దగ్గరికి వెళ్లేవాడే కంపెనీకి ముఖ్యమని పథకమే తేల్చి చెప్పింది.

ఈ నాణెం ఎంత పెద్దదైందో కరోనా కాలం బయటపెట్టింది. 2020లో విమానాలన్నీ నేల మీద ఉండగా, అప్పు కోసం యునైటెడ్ తన మైళ్ల పథకాన్నే తాకట్టు పెట్టింది. అప్పు పత్రాల్లో ఆ పథకం విలువ దాదాపు 2,200 కోట్ల డాలర్లుగా చూపారు. ఆ రోజుల్లో షేర్ల లెక్కన మొత్తం కంపెనీ విలువ అంతకంటే తక్కువ. విమానాల కంటే విమానం ఎక్కుతామనే ఆశే ఎక్కువ ఖరీదు పలికింది. అలాంటి ఆశను ఏళ్ల తరబడి దాచుకోవడం తెలివి కాదు. కంపెనీ ఏ రోజు నియమాలు మార్చినా అడిగే హక్కు మనకు దాదాపు లేదు. పాయింట్లు చేరిన ఏడాది రెండేళ్లలోనే వాడుకోవడం మంచిది.

రోజూ తిరిగేవాడి వాటా

నిత్య ప్రయాణికుడికి ప్రతిఫలం ఇవ్వాలనే ఆలోచన నుంచి ఇదంతా పుట్టింది. మరి అనకాపల్లిలో నిత్య ప్రయాణికుడు ఎవరు? తెల్లవారుజామున స్టేషన్‌లో దువ్వాడ, విశాఖపట్నం వైపు రైలెక్కే ఉద్యోగి. గాజువాక బస్సు కోసం నిలబడే కార్మికుడు. అచ్యుతాపురం, పరవాడ ఫ్యాక్టరీలకు షిఫ్టు టైముకు చేరాల్సిన యువకుడు. ఏడాదికి నాలుగుసార్లు విమానం ఎక్కేవాడికి బంగారు రంగు కార్డు ఉంది. ఏడాదిలో మూడువందల రోజులు ప్రయాణించే వీళ్లకు ఏముంది?

కొంత ఉంది. దాన్ని తక్కువ చేయకూడదు. రైల్వే సీజన్ టికెట్ ఈ పాయింట్లన్నిటికంటే పాతది, నిజాయితీ గలది. మూడు నెలల సీజన్ టికెట్ నెల టికెట్‌కు 2.7 రెట్లే. ఎంత ఆదా అవుతుందో ముందే తెలుసు. ఫోన్‌లో జనరల్ టికెట్ తీసేవాళ్లు ముందుగా డబ్బు వేసుకునే ఆర్-వాలెట్‌కు మొదట అయిదు శాతం, తర్వాత మూడు శాతం బోనస్ ఇచ్చారు. ఆర్టీసీ క్యాట్ కార్డు, వనిత కార్డు ఛార్జీలో పది శాతం తగ్గించాయి. 2025 ఆగస్టు 15 నుంచి స్త్రీశక్తి పథకం కింద పల్లెవెలుగు నుంచి ఎక్స్‌ప్రెస్ దాకా అయిదు రకాల బస్సుల్లో మన రాష్ట్రపు ఆడవాళ్లకు జీరో టికెట్ ఇస్తున్నారు. ఏమీ కొనక్కర్లేదు, పాయింట్లు పోగేయక్కర్లేదు. ఆ ఖర్చు ప్రభుత్వానిది, అంటే మనందరిది. బడ్జెట్‌లో అందరికీ కనిపించేలా ఉంటుంది.

సీజన్ టికెట్‌కు ఒక లోటుంది. నెల డబ్బు మొదటి రోజే కట్టాలి. రోజు కూలీ మీద బతికేవాడి చేతిలో అంత మొత్తం ఒకేసారి ఉండదు. అతను రోజూ విడి టికెట్ కొంటాడు. నెల తిరిగేసరికి ఉద్యోగి కంటే ఎక్కువ కట్టినవాడవుతాడు. ఈ అన్యాయానికి లండన్ నగర రవాణా సంస్థ 2005లో ఒక పరిష్కారం తెచ్చింది. 'ఆయిస్టర్' అనే ప్రయాణ కార్డుతో ఛార్జీ కట్టేవాడు ఆ రోజు ఎన్నిసార్లు బస్సు, రైలు ఎక్కాడో యంత్రమే లెక్కపెడుతుంది. కట్టింది ఒక పరిమితికి చేరాక ఆ రోజు మిగతా ప్రయాణాలకు డబ్బు తీసుకోదు. 2014లో బ్యాంకు కార్డుతో కట్టేవాళ్లకు వారం పరిమితి వచ్చింది. ముందు కట్టక్కర్లేదు, పాయింట్లు గుర్తుపెట్టుకోనక్కర్లేదు, గడువు భయం లేదు. పాసు కొనలేనివాడికీ పాసు లాభం దానంతటదే అందుతుంది.

ఇది మన దగ్గర సాధ్యం కాని పని కాదు. 1981లో ఒక విమాన కంపెనీ మళ్లీ మళ్లీ కనిపించే ఫోన్ నంబర్లను వెతికి తన నిత్య ప్రయాణికులను కనిపెట్టింది. ఇవాళ రైల్వే యాప్‌లో టికెట్ తీసే ప్రతివాడి ఫోన్ నంబరూ రైల్వే దగ్గర ఉంది. బస్సుల్లోనూ ఫోన్‌తో డబ్బు కట్టేవాళ్లు పెరుగుతున్నారు. ఒక నెలలో అనకాపల్లి నుంచి దువ్వాడకు ఇరవై రోజులు విడి టికెట్లు తీసిన నంబరుకు, సీజన్ టికెట్ ధర దాటాక ఛార్జీ ఆపేయమని యంత్రానికి చెప్పడం కష్టం కాదు. నిర్ణయం కావాలి. విమానం ఎక్కేవాళ్ల కోసం నలభై ఏళ్లుగా పదునెక్కిన ఈ ఆవిష్కరణను రోజూ నిలబడి ప్రయాణించేవాళ్ల దగ్గరికి తేవాలని రైల్వేనూ, ఆర్టీసీనీ మన ప్రజాప్రతినిధులు అడగాలి. వాళ్లను మనం అడగాలి.